ఎక్సెల్‌లో చార్ట్ తేడాగా వస్తోందా? రంగుల జోలికి వెళ్లే ముందు టేబుల్ చూడండి

మీ ప్రశ్నను ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఫిర్యాదుల విభాగం లెక్కలు మూడేళ్లవి నెలవారీగా ఒక షీట్‌లో ఉన్నాయి. కాలమ్‌లు: సంవత్సరం, నెల, వచ్చిన ఫిర్యాదులు, ఒక్కోటి పరిష్కరించడానికి పట్టిన సగటు గంటలు. చార్ట్ పెడితే సంవత్సరం కూడా ఒక గీతగా వచ్చి కూర్చుంటోంది. నెలలు వరుస తప్పుతున్నాయి. గంటల గీత అడుగున యాక్సిస్‌కు (కొలతలో పేర్లో రాసి ఉండే అంచు గీతకు) అంటుకుపోతోంది. ఇంకా రాని నెలల దగ్గర గీత దబ్బున సున్నాకు పడిపోతోంది. ఇవన్నీ చేత్తో సరిచేసి, రంగులూ ఫాంట్లూ పెట్టుకునేసరికి పూట గడిచిపోతోంది, వచ్చే నెల మళ్లీ మొదటికి. అందుకని ఫార్మాటింగ్ బాగా నేర్చుకునే పద్ధతి చెప్పమన్నారు.

మీ సమస్యలో ఫార్మాటింగ్ వాటా చాలా తక్కువ. మీరు చెప్పిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం చార్ట్‌లో లేవు, సెల్స్‌లో ఉన్నాయి. సెల్స్ సరిగా ఉంటే ఫార్మాటింగ్ అంటే పెద్దగా చేర్చేదేమీ ఉండదు, ఉన్నవాటిలో అక్కర్లేనివి తీసేయడమే. అందుకే ఈ సమాధానంలో సగం టేబుల్ గురించే ఉంటుంది. ఓపిక పట్టండి.

సంవత్సరం గీతగా ఎందుకు వస్తుందో చూద్దాం. చార్ట్ పెట్టేటప్పుడు మీరు సెలెక్ట్ చేసిన భాగాన్ని చూసి ఎక్సెల్ ఒక అంచనా వేసుకుంటుంది. పై వరుసలో అక్షరాలుంటే అవి సిరీస్ (చార్ట్‌లో ఒక గీతగా వచ్చే అంకెల వరుస) పేర్లు. ఎడమ కాలమ్‌లో అక్షరాలో తేదీలో ఉంటే అవి కింది యాక్సిస్ మీద రావాల్సిన లేబుళ్లు. మిగతా అంకెలన్నీ గీయాల్సిన విలువలు. 2022, 2023 అని రాసి, పైన "సంవత్సరం" అని హెడర్ పెట్టిన కాలమ్ దాని లెక్కలో ఫిర్యాదుల సంఖ్య లాంటిదే. 2023 అనేది సంవత్సరమని దానికి తెలియదు. దీనికి చాలామంది వాడే కిటుకు ఒకటుంది: ఎడమవైపు పై మూల సెల్‌ను, అంటే "సంవత్సరం" అన్న హెడర్‌ను ఖాళీ చేసి, అప్పుడు చార్ట్ పెట్టండి. మూల ఖాళీగా ఉంటే ఆ కాలమ్ లేబుళ్లదని ఎక్సెల్ పట్టేస్తుంది. చార్ట్ ఇప్పటికే పెట్టేసి ఉంటే, దాని మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ డేటా తెరవండి. ఎడమ పెట్టెలో సంవత్సరం సిరీస్‌ను రిమూవ్ చేసి, కుడి పెట్టెలో ఎడిట్ నొక్కి లేబుళ్ల రేంజ్ చూపించండి.

అయితే మీ విషయంలో నేను ఆ కిటుకు సిఫారసు చేయను. సంవత్సరం ఒక కాలమ్, నెల ఇంకో కాలమ్‌గా పెట్టుకోవడమే మీ రెండో ఇబ్బందికీ మూలం. నెలలను పేర్లుగా రాస్తే అవి ఎక్సెల్‌కు వట్టి అక్షరాలు. ఎవరైనా ఆ కాలమ్‌ను ఎ నుంచి జెడ్‌కు సార్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరక్రమంలో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి అని వచ్చి నిలబడతాయి. చార్ట్ కూడా అదే వరుసలో గీస్తుంది. రెండు కాలమ్‌లనూ కలిపి ఒకే తేదీ కాలమ్ చేయండి. ప్రతి నెలకూ ఆ నెల ఒకటో తారీఖు చాలు. డేట్ ఫంక్షన్‌కు సంవత్సరం, నెల సంఖ్య, 1 ఇస్తే నిజమైన తేదీ వస్తుంది. చూడ్డానికి మాత్రం నెల, సంవత్సరమే కనిపించేలా నంబర్ ఫార్మాట్ పెట్టుకోండి. కాలమ్ నిండా నిజమైన తేదీలుంటే ఎక్సెల్ కింద దానంతటదే డేట్ యాక్సిస్ పెడుతుంది. షీట్‌లో వరుసలు ఎలా తారుమారైనా చార్ట్‌లో కాలక్రమం తప్పదు.

"నిజమైన తేదీ" అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. తేదీలా కనిపించేదల్లా తేదీ కాదు. తేలికైన పరీక్ష: ఆ సెల్ ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి. 2024 జనవరి 1 అయితే అది 45292గా మారుతుంది. ఏమీ మారకుండా అలాగే ఉంటే అది అక్షరాల ముక్క. ఇందులో అసలు ప్రమాదం ఇంకొకటి. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దించిన ఫైల్లో రోజు ముందు, నెల తర్వాత ఉండి, మీ కంప్యూటర్ సెట్టింగ్ నెల ముందు ఉండేలా ఉందనుకోండి. 13/06 అనేది తేదీగా కుదరదు కాబట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. 05/06 మాత్రం కుదురుతుంది, కానీ జూన్ 5 కాస్తా మే 6 అయి కూర్చుంటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమ అంచుకు, కొన్ని కుడి అంచుకు అతుక్కుని కనిపిస్తే ఇదే జరిగిందని అనుమానించండి. అక్షరాలుగా మిగిలినవి కంటికి కనిపిస్తాయి, తారుమారైనవి కనిపించవు. అలాంటప్పుడు విడిగా ఒక్కో సెల్ దిద్దకండి. ఫైల్‌ను మళ్లీ దించుకుని, తేదీల కాలమ్ టెక్స్ట్‌గానే ఉండేలా షీట్‌లోకి తెచ్చి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ మూడో మెట్టులో డేట్ ఎంచుకుని, రోజు-నెల-సంవత్సరం వరుస చెప్పి తెచ్చుకోండి.

డేట్ యాక్సిస్ గురించి ఒక చిన్న హెచ్చరిక. వారానికో లెక్క చొప్పున ఉన్న డేటాకు కాలమ్ చార్ట్ (నిలువు కడ్డీలతో ఉండేది) పెడితే కాలమ్‌లు దారాల్లా సన్నగా వస్తాయి. మధ్యలో ఉన్న ఆరు రోజులకు కూడా ఎక్సెల్ చోటు వదులుతుంది కాబట్టి. అక్కడ ఫార్మాట్ యాక్సిస్‌లో టెక్స్ట్ యాక్సిస్ అని మార్చేస్తే సరిపోతుంది. మీది నెలవారీ లెక్క, ఒకటో తారీఖులు పెట్టారంటే ఆ బాధ ఉండదు.

ఇక సున్నాకు పడిపోయే గీత. మీ గంటల కాలమ్‌లో ఫార్ములా ఉందని రాశారు. ఇంకా లెక్క రాని నెలకు ఆ ఫార్ములా ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తోంది. సెల్ చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది, కానీ అందులో ఉన్నది ఒక్క అక్షరం కూడా లేని టెక్స్ట్. లైన్ చార్ట్ టెక్స్ట్‌ను సున్నాగా గీస్తుంది. ఖాళీ కొటేషన్ల బదులు ఎన్ఏ ఫంక్షన్ పెట్టండి. సెల్‌లో #ఎన్/ఏ అని ఎర్రర్ కనిపిస్తుంది, గీత మాత్రం చివరి నిజమైన నెల దగ్గర ఆగిపోతుంది. ఎర్రర్లు చూసి పై అధికారి కంగారు పడతారనుకుంటే, కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఎర్రర్ ఉన్న సెల్స్ ఫాంట్‌ను తెలుపు చేసేయండి. ఒక చిక్కు ఉంది: ఆ కాలమ్ కింద మొత్తమో సగటో వేసి ఉంటే అదీ ఎర్రర్ అవుతుంది. సమ్ బదులు అగ్రిగేట్ ఫంక్షన్ వాడి, మొదటి స్థానంలో 9, రెండో స్థానంలో 6 ఇవ్వండి. 9 అంటే కూడిక, 6 అంటే ఎర్రర్లను వదిలేయమని. సగటు కావాలంటే 9 స్థానంలో 1.

నిజంగానే ఖాళీగా ఉన్న సెల్స్ సంగతి వేరు. సెలెక్ట్ డేటా పెట్టెలో ఎడమ కింద మూలన హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అని ఒక బటన్ ఉంది, చాలామంది కంట పడదు. ఖాళీ చోట గీత తెగిపోవాలా, సున్నా అనుకోవాలా, అటూ ఇటూ ఉన్న బిందువులను కలిపేయాలా అన్నది అక్కడే చెప్పాలి. లెక్క అందని నెల ఉంటే గీత తెగడమే నిజాయితీ. కలిపేస్తే ఆ నెల కూడా అంతా సవ్యంగా నడిచినట్టు కనిపిస్తుంది. అదే పెట్టెలో దాచిన వరుసలను కూడా చూపించమనే టిక్ ఉంటుంది. వరుసలు హైడ్ చేయగానే చార్ట్ మాయమైపోయిందని వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ టిక్కే.

చార్ట్‌లో కాలమ్‌లు అసలు లేవకుండా నేలమట్టంగా ఉంటే అంకెలు టెక్స్ట్‌గా ఉన్నాయేమో చూడండి. సెల్ ఎడమ పై మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం దాని గుర్తు. పెద్ద షీట్ అయితే కౌంట్, కౌంట్ఏ రెండూ వేసి పోల్చండి. కౌంట్ నిజమైన అంకెలనే లెక్కిస్తుంది, కౌంట్ఏ ఖాళీ కానివన్నీ లెక్కిస్తుంది. రెండూ సమానంగా రాకపోతే ఎక్కడో టెక్స్టో ఎర్రరో ఉన్నట్టే. ఏదైనా ఖాళీ సెల్‌లో 1 రాసి కాపీ చేసి, ఆ అంకెల మీద పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై పెడితే నిజమైన అంకెలవుతాయి. మొత్తం (టోటల్) వేసిన వరుసను చార్ట్ రేంజ్‌లో కలపకండి అని వేరే చెప్పక్కర్లేదు కదా? 36 నెలల పక్కన వాటి మొత్తం నిలబడితే మిగతావన్నీ మరుగుజ్జులైపోతాయి.

ఇదంతా అయ్యాక, టేబుల్ లోపల ఒక సెల్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్+టి నొక్కండి. మామూలు సెల్స్ ఎక్సెల్ టేబుల్‌గా మారతాయి. చార్ట్‌ను ఈ టేబుల్ కాలమ్‌ల మీద కట్టారంటే, వచ్చే నెల కింద ఒక వరుస చేర్చగానే చార్ట్ తనంతట తాను సాగుతుంది. మీ నెలనెలా తంతులో సగం ఈ ఒక్క మీటతో పోతుంది. టేబుల్ హెడర్ ఖాళీగా ఉండనివ్వదు, ఖాళీ చేస్తే కాలమ్1 అని తనే పేరు పెట్టేస్తుంది. పైన చెప్పిన మూల సెల్ కిటుకును మీకు వద్దనడానికి ఇదీ ఒక కారణం. తేదీ కాలమ్ ఉంటే దాని అవసరమే రాదు.

ఇప్పుడు చార్ట్ పెట్టండి. టేబుల్‌లో ఉండగా ఆల్ట్+ఎఫ్1 కొడితే అదే షీట్‌లో చార్ట్ వస్తుంది, ఎఫ్11 కొడితే విడి షీట్‌లో వస్తుంది. తర్వాత రకం మార్చుకోవచ్చు. రకాల గురించి ఎక్కువ చెప్పను. కాలంతో మారేది లైన్. విడివిడి వస్తువుల పోలిక కాలమ్, పేర్లు పొడవుగా ఉంటే అడ్డంగా ఉండే బార్. రెండు కొలతల మధ్య సంబంధం ఉందా అని చూడాలంటే స్కాటర్, అంటే చుక్కల చార్ట్. లైన్‌కూ స్కాటర్‌కూ తేడా తెలియక కొందరు ఇబ్బంది పడతారు: లైన్ చార్ట్, తేదీలు తప్ప మిగతా లేబుళ్లను కింద సమాన దూరాల్లో పేర్చేస్తుంది, 1, 2, 10, 50 అని ఉన్నా మధ్య ఎడం ఒకటే. స్కాటర్ మాత్రం విలువకు తగిన దూరంలో పెడుతుంది. ఇక పై (pie) చార్ట్, అంటే గుండ్రంగా ముక్కలు ముక్కలుగా ఉండేది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే పరిశోధకులు మనుషుల చేత చార్ట్‌లు చదివించి చూశారు. ఒకే కొలబద్ద మీద స్థానాలను పోల్చడంలో మన కన్ను పొరపాట్లు తక్కువ చేస్తుంది, కోణాలను పోల్చడంలో ఎక్కువ చేస్తుంది. పై చార్ట్ అంతా కోణాలే. రెండు మూడు ముక్కలుంటే సరే, ఏడెనిమిది ఉంటే బార్ చార్ట్‌కు మారండి. త్రీడీ మాత్రం ఏ రకంలోనూ వద్దు. ముందున్న ముక్క వెనకున్న దానికంటే పెద్దదిగా కనిపిస్తుంది, కాలమ్ తల ఏ గ్రిడ్‌లైన్ (వెనక ఉండే అడ్డగీత) దగ్గర ఉందో ఎవరికీ అంతు పట్టదు.

మీ ప్రశ్నలో నాకు బాగా ఆసక్తి కలిగించింది అడుగుకు అంటుకుపోయిన గంటల గీత. ఫిర్యాదులు నెలకు 400 పైన, గంటలు 6 చుట్టూ. ఒకే యాక్సిస్ మీద 6 అనేది సున్నాకు పక్కింట్లో ఉంటుంది, వేరే దారి లేదు. అందరూ చెప్పే మందు సెకండరీ యాక్సిస్, అంటే కుడివైపు ఇంకో కొలబద్ద. చేయడం తేలికే: సిరీస్ మీద రైట్ క్లిక్, చేంజ్ సిరీస్ చార్ట్ టైప్, వచ్చే కాంబో పెట్టెలో గంటల సిరీస్ పక్కన సెకండరీ యాక్సిస్ టిక్. గీత నేలకు అంటుకుని ఉంటే దాని మీద క్లిక్ పడదు. అప్పుడు చార్ట్‌ను ఎంచుకుని, రిబ్బన్‌లో ఫార్మాట్ ట్యాబ్ ఎడమ చివర ఉండే డ్రాప్‌డౌన్ తెరిస్తే చార్ట్‌లోని ప్రతి భాగం పేరు ఉంటుంది, అక్కడ సిరీస్‌ను ఎంచుకోవచ్చు. ఈ డ్రాప్‌డౌన్ అలవాటైతే చార్ట్‌లో ఏ మూలనున్నదైనా మౌస్‌తో వేటాడే పని ఉండదు.

చేయడం తేలికే అయినా నేను సెకండరీ యాక్సిస్‌ను వీలైనంత వరకు వాడను. కారణం ఇది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట చదివేవాడి చూపు ఆగుతుంది. "జూలైలో ఇక్కడేదో జరిగింది" అనుకుంటాడు. అక్కడ ఏమీ జరగలేదు. ఎడమ యాక్సిస్ 0 నుంచి 600, కుడిది 0 నుంచి 10 అని మీరు పెట్టడం వల్ల అవి జూలైలో దాటాయి. కుడిది 0 నుంచి 14 చేయండి, దాటే చోటు ఇంకెక్కడికో పోతుంది, లేదా అసలు దాటవు. అంకెలు మారలేదు, కథ మారిపోయింది. మీటింగ్‌లో కూర్చున్నవాళ్లు ఏ గీత ఏ యాక్సిస్‌ది అని వెతుక్కోవడం దానికి అదనం.

దానికి బదులు రెండు చార్ట్‌లు చేసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. పైన ఫిర్యాదులు, కింద గంటలు, రెండిటికీ ఒకే నెలల యాక్సిస్. పైనున్న చార్ట్‌లో నెలల లేబుళ్లు తీసేసి కింద మాత్రమే ఉంచితే రెండూ ఒకే బొమ్మలా కుదురుతాయి. చార్ట్‌ను జరిపేటప్పుడూ సైజు మార్చేటప్పుడూ ఆల్ట్ పట్టుకుంటే అంచు సెల్ గీతలకు అతుక్కుంటుంది కాబట్టి వెడల్పు సమానంగా వస్తుంది. అయినా ఒక తేడా మిగులుతుంది. పైనున్న చార్ట్ ఎడమ యాక్సిస్ మీద 600 అని మూడంకెలు, కింద 8 అని ఒక్క అంకె. అందువల్ల లోపలి ప్లాట్ ఏరియా (గీతలు గీసే భాగం) రెండిట్లోనూ ఒకే చోట మొదలవదు. పైనున్న చార్ట్‌లో మార్చి నెల, కింది చార్ట్‌లో మార్చి నెలకు కొంచెం కుడిగా పోతుంది. ప్లాట్ ఏరియాను క్లిక్ చేసి, కింది దాని ఎడమ అంచును పట్టుకుని లోపలికి లాగి సరిచేయండి. ఒక్కసారి చేస్తే అలాగే ఉంటుంది. మీ పై అధికారి "రెండూ ఒకే చార్ట్‌లో కావాలి" అని పట్టుబడితే సెకండరీ యాక్సిసే గతి. అప్పుడు కనీసం ఒకటి కాలమ్, ఒకటి లైన్ చేసి, ప్రతి యాక్సిస్ అంకెలకూ దాని సిరీస్ రంగే వేయండి.

యాక్సిస్ ఎక్కడ మొదలవ్వాలి అన్నది కూడా ఇక్కడే. కాలమ్, బార్ చార్ట్‌లు సున్నా నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే అక్కడ మనం చదివేది పొడవును. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేసి పైనుంచి మొదలుపెడుతుంది. గరిష్ఠ, కనిష్ఠ విలువల మధ్య తేడా గరిష్ఠంలో ఆరో వంతు కంటే తక్కువైతే అది అలా చేస్తుంది. మూడు నెలల ఫిర్యాదులు 480, 495, 510 అనుకోండి. యాక్సిస్ 465 దగ్గర మొదలైతే 510 కాలమ్, 480 కాలమ్‌కు మూడింతలు ఎత్తుగా నిలబడుతుంది. అసలు తేడా 6 శాతం చిల్లర. ఫార్మాట్ యాక్సిస్‌లో మినిమమ్ దగ్గర 0 అని చేత్తో రాసేయండి. లైన్ చార్ట్‌కు ఈ నియమం అంత గట్టిది కాదు, అక్కడ చూసేది వాలును. ఇంకో మాట, విలువలు లక్షల్లో, కోట్లలో ఉంటే యాక్సిస్ మీద సున్నాల వరస పెట్టకండి. అదే ప్యానెల్‌లో డిస్‌ప్లే యూనిట్స్ జాబితాలో వేలు, మిలియన్లతో పాటు 1,00,000, 1,00,00,000 విలువలకు కూడా ఎంపికలున్నాయి. ఎంచుకున్నాక పక్కన వచ్చే లేబుల్‌ను "లక్షల్లో" అనో "కోట్లలో" అనో మార్చుకోవచ్చు.

ఇప్పుడు ఫార్మాటింగ్. చార్ట్‌లో ఏదైనా క్లిక్ చేసి కంట్రోల్+1 కొడితే కుడివైపు ప్యానెల్ తెరుచుకుంటుంది. దాన్ని మూయకుండా ఒక్కో భాగాన్నీ క్లిక్ చేస్తూ పోతే ప్యానెల్ దానికి తగ్గట్టు మారుతుంది. నేను మొదట చేసే పని లెజెండ్‌ను (ఏ రంగు దేనిదో చెప్పే పెట్టెను) డిలీట్ చేయడం. ఒకే సిరీస్ ఉన్న చార్ట్‌కు లెజెండ్ దండగ. రెండు మూడు గీతలుంటే పేరు గీత చివరే రాయాలి: గీతను ఒకసారి క్లిక్ చేస్తే మొత్తం సిరీస్ ఎంపికవుతుంది, కాస్త ఆగి చివరి బిందువును మళ్లీ క్లిక్ చేస్తే అదొక్కటే ఎంపికవుతుంది. రైట్ క్లిక్‌తో దానికి డేటా లేబుల్ చేర్చి, ప్యానెల్‌లో సిరీస్ నేమ్‌కు టిక్ పెట్టి, లేబుల్‌కు గీత రంగే ఇవ్వండి. చదివేవాడి కళ్లు గీతకూ లెజెండ్‌కూ మధ్య తిరగక్కర్లేదు. టేబుల్‌కు కొత్త నెల చేరినప్పుడు ఈ లేబుల్ పాత బిందువు దగ్గరే ఉండిపోతుంది, అది మాత్రం చేత్తో మార్చుకోవాలి.

కాలమ్ చార్ట్ చూడగానే పేలవంగా అనిపించడానికి కారణం చాలాసార్లు రంగు కాదు, ఖాళీ. కొత్త ఎక్సెల్‌లో గ్యాప్ విడ్త్ (కాలమ్‌ల మధ్య ఎడం) 219 శాతంతో వస్తుంది, అంటే కాలమ్ వెడల్పుకు రెట్టింపు కంటే ఎక్కువ ఖాళీ. దాన్ని 60 దగ్గరికి తెచ్చి చూడండి, చార్ట్ ఒక్కసారిగా నిండుగా మారుతుంది. గ్రిడ్‌లైన్లు ఉంచితే లేత బూడిద రంగులో ఉంచండి. కాలమ్‌ల మీద డేటా లేబుళ్లు పెడితే గ్రిడ్‌లైన్లూ ఎడమ యాక్సిసూ రెండూ తీసేయొచ్చు, ఒకే అంకెను రెండుసార్లు చెప్పక్కర్లేదు. 36 కాలమ్‌లకు మాత్రం లేబుళ్లు పెట్టకండి, చీమల బారులా ఉంటుంది.

బార్ చార్ట్ వాడితే ఒక వింత ఎదురవుతుంది: షీట్‌లో మొదట ఉన్నది చార్ట్‌లో అట్టడుగున వస్తుంది. నిలువు యాక్సిస్ ఫార్మాట్‌లో కేటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్ టిక్ చేస్తే వరుస సరవుతుంది, కానీ కింద ఉన్న అంకెల యాక్సిస్ ఎగిరి పైకి పోతుంది. పక్కనే ఉన్న యాక్సిస్ క్రాసెస్ దగ్గర ఎట్ మ్యాగ్జిమమ్ కేటగిరీ ఎంచుకుంటే తిరిగి కిందికి వస్తుంది. ఈ రెండో మెట్టు తెలియక షీట్‌నే తలకిందులుగా సార్ట్ చేసుకునేవాళ్లున్నారు.

రంగుల విషయంలో నా పద్ధతి మొండిది: అన్నీ బూడిద, చెప్పదలచుకున్న ఒక్కటి మాత్రం ముదురు రంగు. ఫిర్యాదులు బాగా పెరిగిన మూడు నెలలు చూపించాలంటే ఆ మూడు కాలమ్‌లకే రంగు. ఎరుపు చెడు, ఆకుపచ్చ మంచి అని రెండు రంగుల మీదే ఆధారపడకండి, ఆ రెండూ విడిగా కనిపించనివాళ్లు మీటింగ్‌లో ఉండొచ్చు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లోనూ రెండూ దాదాపు ఒకటే. సంస్థ రంగులు కావాలంటే ఒక్కో సిరీస్‌కూ చేత్తో వేయకండి. పేజ్ లేఅవుట్‌లో కలర్స్ కింద కస్టమైజ్ ఉంది, థీమ్ యాక్సెంట్ రంగులు అక్కడ మారిస్తే ఆ ఫైల్లోని చార్ట్‌లన్నీ ఆ వరుసలోనే రంగులు తీసుకుంటాయి. ఫాంట్ కూడా అంతే, చార్ట్ బయటి అంచును క్లిక్ చేసి హోమ్ ట్యాబ్‌లో సైజు మారిస్తే లోపలి అక్షరాలన్నీ మారతాయి. అంతకంటే ముందు చార్ట్ సైజు ఖాయం చేసుకోండి. చిన్నగా చేసి, బొమ్మగా అతికించాక లాగి పెద్దది చేస్తే అక్షరాలూ ఉబ్బిపోతాయి.

టైటిల్‌లో "నెలవారీ ఫిర్యాదులు" అని ఊరుకోకుండా ఏం జరిగిందో రాయండి: "ఏప్రిల్ నుంచి ఫిర్యాదులు తగ్గుతున్నాయి, పరిష్కార సమయం తగ్గలేదు". నెలనెలా మారే టైటిల్‌ను సెల్‌కు ముడిపెట్టొచ్చు. టైటిల్‌ను క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్‌లో = కొట్టి, టైటిల్ వాక్యం ఉన్న సెల్‌ను క్లిక్ చేసి ఎంటర్ నొక్కండి. టైటిల్ లోపల నేరుగా ఫార్ములా రాస్తే పనిచేయదు. ఫార్ములా సెల్‌లో ఉండాలి, టైటిల్ ఆ సెల్‌ను మాత్రమే చూపించాలి.

ఇంత కష్టపడి తీర్చిదిద్దిన చార్ట్‌ను రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ టెంప్లేట్ నొక్కండి. కొత్త చార్ట్ పెట్టేటప్పుడు ఆల్ చార్ట్స్‌లో టెంప్లేట్స్ కింద అది ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫాల్ట్‌గా పెట్టుకుంటే ఆల్ట్+ఎఫ్1 కొట్టగానే మీ చార్టే వస్తుంది. టెంప్లేట్ రంగులను సిరీస్ పేరుతో కాదు, వరుసతో గుర్తుపెట్టుకుంటుంది. ఒక షీట్‌లో ఫిర్యాదులు మొదటి కాలమ్, ఇంకో షీట్‌లో గంటలు మొదటి కాలమ్ అయితే రంగులు తారుమారవుతాయి. కాలమ్‌ల వరుస అన్ని షీట్లలో ఒకేలా ఉంచుకోండి. కాలమ్ వెడల్పు మార్చినప్పుడల్లా చార్ట్ సాగిపోకుండా ఉండాలంటే ఫార్మాట్ ప్యానెల్‌లో సైజ్ అండ్ ప్రాపర్టీస్ కింద, సెల్స్‌తో జరగాలి గానీ సైజు మారకూడదు అనే ఎంపిక ఉంటుంది.

గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్ వాడేవాళ్లకు: పైన టేబుల్ గురించి చెప్పిన సూత్రాలు అక్కడా పనికొస్తాయి, బటన్లు వేరు. సంవత్సరం గీతగా వచ్చే సమస్యకు గూగుల్ షీట్స్ చార్ట్ ఎడిటర్‌లో సెటప్ ట్యాబ్ అడుగున ఆ కాలమ్‌ను లేబుళ్లుగా వాడమనే టిక్ ఉంటుంది. కాల్క్‌లో చార్ట్ విజార్డ్ రెండో మెట్టులో ఫస్ట్ కాలమ్ యాజ్ లేబుల్ ఉంటుంది. కాల్క్‌లో చార్ట్ మీద డబుల్ క్లిక్ చేస్తే గానీ లోపలి భాగాలు ఎంపిక కావు, కొత్తవాళ్లు అక్కడ తడబడతారు.

మీరు అడగలేదు గానీ ఒక సంగతి చెప్పి తీరాలి. ఈ చార్ట్ చివరికి పవర్‌పాయింట్‌లోకి వెళ్తుందని రాశారు. మామూలుగా పేస్ట్ చేస్తే అది ఎక్సెల్ ఫైల్‌కు లింక్ అవుతుంది, ప్రెజెంటేషన్ థీమ్ రంగులు తీసుకుంటుంది. అందుకే మీ రంగులు అక్కడ మారిపోతున్నాయి, కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకుంటే ఉంటాయి. ఇక్కడ ఎంబెడ్ అనే ఎంపికతో జాగ్రత్త. అది చార్ట్‌ను ఒక్కదాన్నే కాదు, వర్క్‌బుక్ మొత్తాన్నీ స్లైడ్ లోపల పెట్టేస్తుంది. ఆ ఫైల్ అందుకున్నవాళ్లు చార్ట్ మీద ఎడిట్ డేటా ఇన్ ఎక్సెల్ నొక్కితే మిగతా షీట్లన్నీ తెరుచుకుంటాయి. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్ అదే వర్క్‌బుక్‌లో ఉంటే అవి కూడా. బయటివాళ్లకు వెళ్లే ప్రెజెంటేషన్‌లో చార్ట్‌ను పిక్చర్‌గానే పేస్ట్ చేయండి. ఇప్పటికే పంపిన ఫైళ్లు ఉంటే ఒక్కోదాన్లో చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా ఇన్ ఎక్సెల్ నొక్కి, ఏం తెరుచుకుంటుందో ఇవాళే చూసుకోండి.